మిరపకాయల షెడ్డులో చదివిన సీరియల్

చిన్నప్పుడు మా ఊళ్ళో నన్ను పొట్లాల పిల్ల అనేవాళ్ళు. పర్చూరు దగ్గర పల్లె మాది. కొట్లో శనగపప్పు కట్టించుకొచ్చినా, బడ్డీలో పకోడీలు కట్టించుకొచ్చినా, సరుకు గిన్నెలో పోసేసి కాగితం నేను తీసుకునేదాన్ని. నూనె మరకలు పడ్డ ఆ ముక్కని మోకాలి మీద పరిచి, అరచేత్తో సాపు చేసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివేదాన్ని. ఏ కథదో మధ్య పేజీ అయ్యుండేది. ఎవరో ఎవరి మీదో కోపంగా తలుపేసుకునేవాళ్ళు. ఎందుకేసుకున్నారో వెనకవైపు చూస్తే పంచాంగం ఉండేది. అయినా నాకు చాలా బాగుండేది.

బడికి సెలవులిస్తే అమ్మతో పాటు పత్తి తీయడానికి వెళ్ళేదాన్ని. ఒళ్ళో పత్తి, పత్తి కింద పుస్తకం. సాలు చివర కూర్చుని రెండు పేజీలు చదివి, లేచి పది కాయలు తీసి, మళ్ళీ కూర్చునేదాన్ని. నేను తీసిన పత్తిలో ఎండాకు చెత్త ఎక్కువుండేది.

"పత్తి తీస్తున్నావా, ఆకులేరుతున్నావా?" అని అమ్మ గట్టిగా అరిచేది. పక్క చేలో వాళ్ళు నవ్వేవాళ్ళు. నాన్న మాత్రం పురుగుమందుల కోసం చీరాల వెళ్ళినప్పుడల్లా మందు డబ్బాలతో పాటు ఒక వారపత్రికో, పాత నవలో తెచ్చేవాడు. ఆయనకి చదవడం అంతంత మాత్రం. అట్ట మీద బొమ్మ చూసి కొనేవాడు.

పదో తరగతిలో మా బడికి నేనే ఫస్టు. అది తొంభైల చివరి రోజులు. మార్కులొచ్చిన పిల్లల్ని గుంటూరు వైపు రెసిడెన్షియల్ కాలేజీల్లో చేర్చడం ఊరూరా మొదలైంది. నన్నూ ఒకదాంట్లో చేర్చారు. తెల్లారకముందే గంట కొట్టేవాళ్ళు. స్టడీ అవర్, క్లాసు, మళ్ళీ స్టడీ అవర్, పరీక్ష. ఆదివారం ఇంకా పెద్ద పరీక్ష. ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులు, అందులో ఒకటి కరెక్టు. దాన్ని అందరికంటే ముందు పట్టుకోవాలి.

ట్రంకు పెట్టెలో బట్టల కింద నాన్న కొన్న నవల ఒకటి పెట్టుకుని వెళ్ళాను. మూడో నెలలో వైస్ ప్రిన్సిపాల్ గారు గదులు చూడ్డానికొచ్చినప్పుడు అది బయటపడింది. ఆయన తిట్టలేదు, చింపలేదు. మెల్లగా తిరగేసి చూసి, "మంచి పుస్తకమేనమ్మా. నా బీరువాలో పెడతాను. ఎంసెట్ అయ్యాక వచ్చి తీసుకో. పుస్తకం ఎక్కడికీ పోదు" అన్నాడు.

మొదట్లో ఆ బీరువా ఉన్న ఆఫీసు గది ముందు నుంచి వెళ్ళేటప్పుడల్లా లోపలికి చూసేదాన్ని. తర్వాత చూడటం మానేశాను. రెండేళ్ళు అయ్యాక నాన్న నన్ను తీసుకెళ్ళడానికొచ్చాడు. ట్రంకు పెట్టె ఆయన ఒకవైపు, నేనొకవైపు పట్టుకుని వరండాలో నడుస్తున్నాం. ఆఫీసు గది తలుపు తీసే ఉంది. వైస్ ప్రిన్సిపాల్ గారు తలెత్తి చూసి నవ్వాడు కూడా. నాకు పుస్తకం గుర్తొచ్చింది. ఇప్పుడు దాంతో ఏం పని అనిపించింది. నమస్కారం పెట్టి బయటికొచ్చేశాను. ఎవరో నా చేతిలోంచి పుస్తకం లాక్కున్నారని చెప్పుకోవడం తేలిక. నిజానికి ఆ రోజు అడిగితే ఇచ్చేవాళ్ళు. నేనే అడగలేదు.

ర్యాంకు అనుకున్నట్టు రాలేదు. నాన్న, "చీరాల్లో డిగ్రీ ఉందిగా" అన్నాడు. అంతే. ఎప్పటిలాగే పత్రిక తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. నేను తెరిచేదాన్ని. చేతిలోకి పెన్సిల్ దానంతటదే వచ్చేది. కథలో ఎవరో రైలు దిగుతుంటే, వీళ్ళు ఏ ఊళ్ళో దిగారు, ఎన్నింటికి దిగారు అని గీతలు గీసుకునేదాన్ని. పేజీ చివరికొచ్చేసరికి ఊరూ టైమూ గుర్తుండేవి, దిగిన మనిషి ఏమైందో పట్టేది కాదు. రెండు మూడు సార్లు చూశాను. ఆ తర్వాత పత్రిక మడతైనా విప్పకుండా అట్లాగే ఉండిపోయేది. కొన్నాళ్ళకి నాన్న తేవడం మానేశాడు. ఎందుకు మానేశావని నేనూ అడగలేదు. ఇదంతా బాధగా జరిగిందని చెప్పలేను. ఆకలి లేని వాడికి అన్నం గుర్తుకు రానట్టే ఉండేది.

డిగ్రీ అయింది, కంప్యూటర్ కోర్సు అయింది. రెండు వేల మూడులోనో నాలుగులోనో గుంటూరు శివార్లలో ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం దొరికింది. ఏ రైతు టిక్కీలు ఏ గదిలో ఏ వరసలో ఉన్నాయో కంప్యూటర్లో ఎక్కించడం నా పని. మిరపకాయల బస్తాని మా వైపు టిక్కీ అంటారు. బ్రాడీపేటలో ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. పొద్దున షేర్ ఆటో, సాయంత్రం షేర్ ఆటో.

ఆఫీసు పక్కనే పెద్ద రేకుల షెడ్డు. ఫిబ్రవరి నుంచి ఎండలు ముదిరేదాకా అక్కడ పాతిక ముప్పై మంది ఆడవాళ్ళు కాయలకి తొడిమలు తీసేవాళ్ళు, రంగు పోయిన తాలుకాయల్ని వేరు చేసేవాళ్ళు. మొహానికి గుడ్డలు కట్టుకుని ఎర్రటి కుప్పల మధ్య కూర్చుంటే కళ్ళు తప్ప ఏమీ కనపడేవి కావు. కొత్తలో నేను షెడ్డులో అడుగు పెడితే చాలు, తుమ్ములు. వాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు.

రెండో ఏడు సీజన్లో ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, వాళ్ళలో పెద్దావిడ ఒకామె నన్ను పిలిచింది. ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చేది. యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, మాట మాత్రం షెడ్డు ఆ చివరికి వినపడేట్టుగా ఉండేది. ఆమె చేతిలో నలిగిపోయిన వారపత్రిక ఒకటి ఉంది, ఆ వారందే. లారీ డ్రైవర్ ఎవరో సీటు కింద వదిలేసి పోయాడట.

"అమ్మాయ్, ఇందులో బొమ్మేసి ఉంది చూడు, ఈ ఆడమనిషి గరిటె పట్టుకుని నిలబడింది. ఏందో చదువు" అంది.

అది ఒక సీరియల్. ఏదో రైల్వే జంక్షన్ ఊళ్ళో భోజనాల మెస్ నడిపే ఒకావిడ కథ. ఎవరూ లేని మనిషి. ఒక్క అన్న ఉన్నాడు కానీ పన్నెండేళ్ళుగా మాటల్లేవు. నేను గబగబా చదివేశాను. రెండు పేజీలు అయిదు నిమిషాల్లో అయిపోయాయి.

"అయిపోయిందా?" అంది పెద్దావిడ.

"అయిపోయింది పెద్దమ్మా."

"బస్సు కండక్టరు ఊళ్ళ పేర్లు చెప్పినట్టు చెప్పావు. ఎవరు ఎవరితో అన్నారో ఒక్కటీ తెలవలా. మళ్ళీ చదువు."

నాకు కోపమొచ్చింది. కానీ ముప్పై మంది నా మొహం వైపే చూస్తున్నారు. మళ్ళీ చదివాను, ఈసారి నిదానంగా. వాళ్ళు ఊరుకునే శ్రోతలు కారు. "అన్నతో ఎందుకు మాటల్లేవు?" అని ఒకరు. "పొలం కాడ వచ్చుంటది" అని ఇంకొకరు. "నోర్ముయ్యండే, చదవనీయండి" అని పెద్దావిడ. గంట కొట్టే టైముకి కూడా కథ పూర్తి కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె మళ్ళీ అడిగింది. "తర్వాతది ఎప్పుడొస్తది?"

"గురువారం."

"అయితే గురువారం తీసుకురా."

అట్లా మొదలైంది. గురువారం సాయంత్రం హాస్టల్‌కి వెళ్ళే దారిలో పత్రిక కొనేదాన్ని, శుక్రవారం మధ్యాహ్నం షెడ్డులో చదివేదాన్ని. ముందుగా ఒకసారి చూసుకోవాలని కూడా అనిపించేది కాదు. నా వరకు అదీ ఒక డ్యూటీయే. వాళ్ళు మాత్రం వారం అంతా ఆ మెస్ గురించే మాట్లాడుకునేవాళ్ళు. "ఆవిడ అయితే ఈ కూలికి ఇట్టా ఊరుకునేది కాదు" అనేదాకా వచ్చింది వ్యవహారం.

ఏప్రిల్‌లో ఒక వారం చీరాలలో మా బంధువుల పెళ్ళి ఉండి బుధ, గురువారాలు సెలవు పెట్టాను. శుక్రవారం పొద్దున తిరిగొచ్చి కొట్లో అడిగితే ఆ వారం పత్రికలు నిన్ననే అయిపోయాయన్నాడు. ఇంకో రెండు కొట్లు తిరిగాను. లేదు. అంతకుముందు వారం ఆ అన్న, చెల్లెలి మెస్ అని తెలియకుండా వచ్చి బల్ల ముందు ఆకేసుకుని కూర్చోవడంతో కథ ఆగింది. షెడ్డంతా దాని కోసమే ఎదురు చూస్తోంది.

లేదని చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. మధ్యాహ్నం పాత సంచిక ఒకటి మధ్యకి మడిచి పట్టుకుని, నా సొంతంగా కథ అల్లి చదివినట్టు చెప్పాను. చెల్లెలు అన్నని చూసిందనీ, గరిటె జారి కింద పడిందనీ, "అన్నయ్యా" అంటూ పరిగెత్తి కాళ్ళ మీద పడి ఏడ్చిందనీ, ఆయన కూడా ఏడ్చాడనీ చెప్పాను. ఒకరిద్దరు ముక్కులు చీదారు. నేను బాగానే చెప్పాననుకున్నాను.

పెద్దావిడ తొడిమలు తీయడం ఆపి నన్నే చూస్తోంది.

"ఇది అందులో లేదు" అంది.

"ఉంది పెద్దమ్మా."

"లేదు. నువ్వు కల్పించి చెప్పావు."

"నీకెట్టా తెలుసు?"

"ఆవిడ అట్టా ఏడవదమ్మాయ్. ఇన్ని వారాల నుంచి వింటున్నాంగా. అంతమంది ఆకుల ముందు కూర్చుంటే చేతిలో గరిటె కింద పడేసే మనిషా ఆవిడ? ఇల్లు కాలుతున్నా వడ్డన అయ్యాకే బయటికొస్తది. నువ్వు చదువుతున్నావు గానీ ఆవిణ్ణి చూడట్లా."

కోపంగా కూడా అనలేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పి, మళ్ళీ తొడిమలు తీసుకుంది. నా చెవులు వేడెక్కిపోయాయి. అక్షరం రాని మనిషి ఆ కథ నాకంటే బాగా చదివింది. నేను పదిహేనేళ్ళు చదువుకున్నాను, ఆ మెస్ ఆవిడ ఎట్లాంటిదని ఎవరన్నా అడిగితే చెప్పలేను. ఊరి పేరైతే చెప్పగలను.

ఆ శనివారం మధ్యాహ్నం సెలవడిగి గ్రంథాలయానికి వెళ్ళాను. గుంటూరులో రెండేళ్ళుగా ఉంటూ అటువైపు చూడనైనా లేదు. లోపల నలుగురైదుగురు పెద్దవాళ్ళు పేపర్లు చదువుకుంటున్నారు. నాకు కావలసిన పత్రిక పేరు చెప్తే లైబ్రేరియన్ గారు, కొత్తవీ పాతవీ అన్నీ అందులోనే అంటూ మూలనున్న కట్టలు చూపించాడు.

"మీరే వెతుక్కోండి. మళ్ళీ వరసలో పెట్టాలి సుమండీ. అందరూ వెతుక్కుంటారు, వరసలో పెట్టేవాళ్ళు లేరు."

పురికొస విప్పి, దుమ్ము దులిపి, ఒక్కొక్కటీ తీస్తుంటే చివరికి ఆ వారం సంచిక దొరికింది. అక్కడే నేల మీద, బీరువాకి ఆనుకుని కూర్చుని చదివాను.

చెల్లెలు అన్నని వంటింటి గుమ్మంలోంచే గుర్తుపట్టింది. ఏమీ అనలేదు. అందరితో పాటు ఆయనకీ అన్నం పెట్టింది, పప్పు వేసింది. పక్కాయనకి వంకాయ కూర వేసి, అన్న దగ్గరికి వచ్చి, ఆయన ఆకు దాటేసి, ఆ పక్కాయనకి వేసుకుంటూ వెళ్ళిపోయింది. చిన్నప్పటి నుంచీ ఆయనకి వంకాయ పడదు. కూర తనకి వేయలేదేమిటని ఆయన తలెత్తాడు. వడ్డిస్తూ వెళ్ళిపోతున్న ఆ మనిషి వీపు చూశాడు. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ వారానికి అంతే.

ఆ చివరి నాలుగు వాక్యాలూ మళ్ళీ చదివాను. ఇంకోసారి చదివాను. నా చేతిలో పెన్సిల్ లేదని అప్పుడు గమనించాను. పైన ఫ్యాన్ కిర్రుమంటోంది, ఎవరో పేపరు మడత పెడుతున్నారు, ఇవన్నీ దూరంగా వినిపిస్తున్నాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత నేను చదువుతున్న చోట కాకుండా ఇంకెక్కడో ఉన్నాను. ఆవిడ వీపు నాకు కనపడింది. చెమటకి తడిసిన జాకెట్టుతో సహా.

కట్టలు వరసలో పెట్టి కట్టాను. సంచిక బయటికివ్వరు కాబట్టి ఆ రెండు పేజీలూ కాగితం మీద ఎత్తి రాసుకున్నాను. వచ్చేటప్పుడు లైబ్రేరియన్ గారిని మెంబర్‌షిప్ కార్డు గురించి అడిగాను. "కట్టలు సరిగ్గా పెట్టారు. మీకిస్తాను" అన్నాడాయన.

సోమవారం షెడ్డులో నిలబడి, "మొన్న చెప్పింది నా కల్పన. అసలుది ఇది" అని చెప్పి రాసుకొచ్చిన కాగితం చదివాను. వంకాయ కూర దగ్గరికొచ్చేసరికి తొడిమలు విరిచే చప్పుడు కూడా ఆగిపోయింది. పెద్దావిడ మొహానికి కట్టుకున్న గుడ్డ కిందకి లాగి, "అద్దీ" అంది. "అదీ ఆవిడంటే."

ఆ తర్వాత శుక్రవారం దాకా ఆగలేకపోయేదాన్ని. గురువారం హాస్టల్ మెట్ల మీదే ఒకసారి చదివేసేదాన్ని. షెడ్డులో రెండోసారి చదివేటప్పుడు, వాళ్ళు ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ తిడతారో ముందే తెలిసి నాకు నవ్వొచ్చేది.

సీరియల్ కంటే ముందు సీజన్ అయిపోయింది. మే చివరికి కాయలన్నీ ఏసీ గదుల్లోకి చేరాయి, ఆడవాళ్ళు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు పెద్దావిడ, "ముగింపు నాకు చెప్పకపోతే ఊరుకోను" అని ఇంటి గుర్తులు చెప్పింది. పాల కేంద్రం పక్క సందు, మూడో ఇల్లు, ముందర మునగచెట్టు.

చివరి భాగం జూన్‌లో వచ్చింది. ఆ ఆదివారం ప్రత్తిపాడు బస్సెక్కాను. సంచిలో నాలుగు వారాల పత్రికలు, వాటితో పాటు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవల ఒకటి. అప్పటికి తొలకరి పడింది. పత్తి గింజలు పెడుతున్నారు. నేను వెళ్ళేసరికి ఆమె ఇంకా చేలోంచి రాలేదు. వచ్చి, కాళ్ళు కడుక్కుని, నాకు మజ్జిగిచ్చి, వసారాలో నులకమంచం వాల్చింది. నాలుగు భాగాలూ వరసగా చదివాను. చివర్లో మెస్ ఆవిడ మెస్ ఎత్తేసి అన్న వెంట వాళ్ళ ఊరెళ్ళిపోతుంది. అందరూ సంతోషంగా ఉంటారు.

పెద్దావిడ ఖాళీ అయిన మజ్జిగ గ్లాసు తీసి గోడవారగా పెట్టింది.

"ఎట్టుంది పెద్దమ్మా?"

"ఏం బాలేదు. అంతమందికి అన్నం పెట్టిన మనిషి, అన్న పిలవగానే మూట సర్దుకుని పోయిందా? ఈ రాసినాయన అలిసిపోయినట్టున్నాడు."

"నాకూ అట్లాగే అనిపించింది" అన్నాను. నిజంగానే అనిపించింది. హాస్టల్లో చదివినప్పుడు పత్రిక విసిరికొట్టాను కూడా. ఒక కథ మీద అంత కోపం రావడం నాకే వింతగా, బాగా అనిపించింది.

"నువ్వు ఇంతకుముందు అట్టా చదివేదానివి కాదు. ఎందుకని?" అని అడిగింది.

కాలేజీ గురించి, బీరువా గురించి చెప్పాను. ఎవరికీ అంతవరకూ చెప్పలేదు. ఓదారుస్తుందేమో అనుకున్నాను. ఆమె అంతా విని, "సరేలే, ఆ సంచిలో లావు పుస్తకం ఏంది? అది మొదలుపెట్టు" అంది.

మంచం పక్కన గోడకి ఆనుకుని కూర్చుని నవల మొదటి పేజీ తీశాను. పొద్దుటి నుంచి వంగి గింజలు పెట్టిన మనిషి, మంచం మీద నడుం వాల్చింది. పదో పేజీకో ఏమో, కథలో పిల్ల పడవెక్కే దగ్గర, ఆమె ఊ కొట్టడం తగ్గింది. నేను గొంతు తగ్గించాను. ఎప్పుడు పూర్తిగా ఆపేశానో తెలియదు. మునగచెట్టు నీడ వసారాలోంచి జరిగి గోడెక్కింది. ఎవరో పాల క్యాన్లు సైకిలుకి తగిలించుకుని వెళ్తూ గంట కొట్టారు. అప్పుడు చూసుకుంటే నలభై ఏడో పేజీలో ఉన్నాను. వినేవాళ్ళు లేరు, పరీక్ష లేదు, శుక్రవారం లేదు. అయినా పేజీ తిప్పాను.

"ఏందమ్మాయ్ అది?"

పెద్దావిడ మంచం మీద లేచి కూర్చుని ఉంది. జుట్టు ముడేసుకుంటూ నా చేతిలో పుస్తకం ఎంత అయిపోయిందో చూస్తోంది.

"నన్నొదిలేసి అంత దూరం పోయావా? మర్యాదగా ఎనక్కి రా. ఆ పిల్ల పడవెక్కిన కాడ నుంచి చదువు."

"పడవెక్కిన తర్వాత కూడా నువ్వు ఊ కొట్టావు పెద్దమ్మా."

"నిద్రలో కొట్టిన ఊ లెక్కలోకి రాదు" అంది.

పేజీలు వెనక్కి తిప్పుకుంటూ ఆ పిల్ల పడవెక్కిన చోటికి వచ్చాను. నాకు అక్కడేం జరుగుతుందో తెలుసు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.